వీట్ బీరులో ‘మందు వాసన’: లవంగమా, క్లోరినా?

నేపథ్యం

హైదరాబాద్ పడమటి వైపు ఒక వాణిజ్య సముదాయంలో నడిచే మైక్రోబ్రూవరీ ఇది, అంటే అక్కడే బీరు చేసి అక్కడే అమ్మే చోటు. సమస్య వచ్చాక నన్ను సలహాకు పిలిచారు. ఎవరిది, ఎక్కడ అన్నది తెలియజేసే వివరాలన్నీ తీసేశాను. నీళ్లు వచ్చే దారి, బ్రూ చేసే రోజులు, కొలతలు లేకపోతే కేసే లేదు కాబట్టి అవి ఉంచాను.

500 లీటర్ల బ్రూహౌస్, ఆరు ట్యాపులు. వారానికి రెండు బ్రూలు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. అమ్మకంలో సగానికి పైగా వీట్ బీరే, అంటే బవేరియా పద్ధతి హెఫెవైజెన్. చేదు తక్కువ, నురగ ఎక్కువ, కబాబులతో బాగా కుదురుతుంది, మొదటిసారి క్రాఫ్ట్ బీరు తాగేవాళ్లకు బెదురు పుట్టించదు. రెసిపీలో తప్పు పట్టేదేమీ లేదు. గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) 55 శాతం, మిగతాది పిల్స్‌నర్ మాల్ట్. గ్రావిటీ, అంటే నీళ్లతో పోల్చిన సాంద్రత, పులిసే ముందు 1.050, పులిశాక 1.011, ఆల్కహాల్ 5 శాతం చుట్టుపక్కల, చేదు 12 ఐబీయూ (చేదును కొలిచే యూనిట్). బీరు పోటీల జడ్జీలకు నియమాలు రాసే బీజేసీపీ సంస్థ 2021 మార్గదర్శకాల్లో వైస్‌బీర్‌కు (హెఫెవైజెన్‌కు అందులో ఉన్న పేరు) ఇచ్చిన పరిధిలోకి (గ్రావిటీ 1.044–1.053, చేదు 8–15, ఆల్కహాల్ 4.3–5.6 శాతం) చక్కగా వస్తుంది.

ఈ బీరుకు రెండు వాసనలే ఆయువుపట్టు. ఒకటి ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ ఇచ్చే మాగిన అరటిపండు వాసన. రెండోది 4-వినైల్ గ్వాయకాల్ అనే ఫీనాల్ ఇచ్చే లవంగం వాసన. ధాన్యం పొట్టులోని ఫెరూలిక్ ఆమ్లాన్ని ఈ బీరుకు వాడే జాతి ఈస్ట్ లవంగంగా మారుస్తుంది. చాలా రకాల బీర్లలో లవంగం వస్తే దోషం, ఇందులో రాకపోతే దోషం. ఈ కేసులో తికమక అంతా ఇక్కడే మొదలైంది.

వచ్చిన సమస్య

మార్చి చివరి నుంచి వీట్ బీరు గ్లాసులు వెనక్కి రావడం మొదలైంది. ఫిర్యాదు దాదాపు ఒకటే: మందు వాసన. వెయిటర్లలో ఒకతను దీన్ని జోకుగా తీసుకున్నాడు: “మందుకి మందు వాసన రాక మల్లెపూల వాసన వస్తదా సార్?” తెలుగులో ఆ మాటకున్న రెండర్థాల వల్ల కనీసం మూడు వారాలు ఫిర్యాదు స్లిప్పుల మీద “స్ట్రాంగ్‌గా ఉందట” అని నమోదైంది. కస్టమర్లు చెప్పింది ఆల్కహాల్ గురించి కాదు, ఆస్పత్రి గురించి. ఆ తేడా మొదట పట్టుకున్నది ఫ్లోర్ మేనేజర్. “ఏ మందు, తాగేదా, రాసుకునేదా?” అని ఆమె ఒక టేబుల్‌ను నేరుగా అడిగితే “రాసుకునేది” అని జవాబొచ్చింది.

ఇంటి ప్యానెల్‌లో ఐదుగురు. హెడ్ బ్రూవర్, ఇద్దరు సహాయకులు, బార్ మేనేజర్, యజమాని తరఫున ఒకరు. వాళ్లు ప్రతి బ్యాచ్‌ను బీజేసీపీ పద్ధతిలో 50 మార్కులకు వేస్తున్నారు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం అభిప్రాయానికి 10. వెనక్కి వచ్చిన బ్యాచ్‌లకు కూడా 38, 39 పడ్డాయి. ఆ పద్ధతిలో 38 నుంచి 44 దాకా వస్తే ‘ఎక్సలెంట్’. వాసన గడిలో ఒకటే మాట మళ్లీ మళ్లీ కనిపించింది: “లవంగం బాగా ఉంది, స్టైల్‌కు తగ్గట్టు.”

ఒకే బీరుకు ప్యానెల్ 39 వేస్తోంది, టేబుల్ వెనక్కి పంపుతోంది. కస్టమర్‌కు తెలియదు అనుకోవడం సులువు, వీళ్లూ కొన్నాళ్లు అలాగే అనుకున్నారు. నేను షీట్లు చూసినప్పుడు తట్టింది వేరు. ప్యానెల్ తాగుతున్నది 4 డిగ్రీల దగ్గర, 60 మిల్లీలీటర్లు, రెండు నిమిషాల్లో. కస్టమర్ తాగుతున్నది అర లీటరు, నలభై నిమిషాల్లో, ఏప్రిల్ సాయంత్రం టెర్రస్ మీద. చివరి మూడో వంతు తాగేటప్పటికి గ్లాసు 15 డిగ్రీలు దాటుతుంది. చలికి ముడుచుకున్న వాసన వేడికి విచ్చుకుంటుంది. ఇద్దరూ తాగింది ఒకే బీరు కాదు.

ముందు చేసి చూసినవి, ఫలించనివి

మొదటి ప్రయత్నం నేను రాకముందే జరిగింది. లవంగం ఎక్కువైందన్న అనుమానంతో, మాష్‌లో (మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టే దశలో) 44 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఆపే ఫెరూలిక్ రెస్ట్ తీసేశారు. పులిసే ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీలకు పెంచారు. పుస్తకం ప్రకారం రెండూ సరైనవే. రెస్ట్ తీసేస్తే లవంగానికి ముడిసరుకు తగ్గుతుంది, వేడి పెరిగితే అరటిపండు పైకొస్తుంది. అదే జరిగింది కూడా. రెండు బ్యాచ్‌లు బబుల్‌గమ్‌లా తయారయ్యాయి, ఫిర్యాదులు మాత్రం తగ్గలేదు. నాలుగు వారాలు పోయాయి.

ఆ నాలుగు వారాల విలువ ఎవరూ గుర్తించలేదు. లవంగం తగ్గినట్టు షీట్లే చెబుతున్నాయి, ఫిర్యాదు అలాగే ఉంది. అంటే కస్టమర్ అంటున్న వస్తువు లవంగం కాదని అప్పటికే రుజువైంది. ఫలించని మార్పు కూడా ఒక ఫలితమే, చదవగలిగితే.

రెండోది ట్యాపు లైన్లు. నా సలహానే. మురికి పట్టిన లైనులో అడవి ఈస్ట్ చేరితే ఫీనాలిక్ వాసనలు రాగలవు, పైగా లైన్లు కడిగిన తేదీలు రిజిస్టర్‌లో మూడు వారాల ఎడంతో ఉన్నాయి. రెండు వారాలకోసారి కడగాలన్నది డ్రాఫ్ట్ బీరు పనిలో అందరూ పాటించే లెక్క. 2 శాతం కాస్టిక్ ద్రావణం గోరువెచ్చగా, పంపుతో పదిహేను నిమిషాలు తిప్పించాం. ట్యాపుల ముక్కులు విప్పి బ్రష్‌తో తోమించాం. కాస్టిక్ పూర్తిగా పోయిందో లేదో పీహెచ్ పట్టీతో చూసుకున్నాం. ఆ వారం ఒక్క ఫిర్యాదూ రాలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేనూ.

పన్నెండో రోజున మళ్లీ మొదలైంది. లైన్లు కడిగిన రోజే ట్యాంకు కూడా మారిందని, కొత్త ట్యాంకులో ఉన్నది వేరే రోజు బ్రూ చేసిన బీరని అప్పటికి ఎవరూ గమనించలేదు. ఒకేసారి రెండు మారితే ఏది పనిచేసిందో చెప్పలేం. కడుగుడు అవసరమే గానీ, రోగం అది కాదు.

మూడోది నీళ్ల పరీక్ష. క్లోరిన్ అనుమానం నాకు మొదట్లోనే ఉంది. క్లోరిన్ మాల్ట్‌లోని ఫీనాల్స్‌తో కలిస్తే క్లోరోఫీనాల్స్ తయారవుతాయి. డెట్టాల్, కొత్త బ్యాండేజీ గుర్తొచ్చే వాసన వాటిది. ఇవి పీపీఎంలలో (పది లక్షల్లో వంతుల్లో) కాదు, వంద కోట్లలో కొన్ని వంతులున్నా ముక్కుకు తెలుస్తాయి. ఒక గురువారం వెళ్లి నీళ్లు పరీక్షిస్తే క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తెప్పించే డీపీడీ పొడి వేసినా రంగు రాలేదు. ప్లాంట్ చూసే కుర్రాడు టీడీఎస్ మీటర్ ముంచి చూపించాడు: “ఇరవై ఎనిమిదే సార్. బాటిల్ నీళ్ల కన్న మంచిగున్నయ్.”

మన ఊళ్లో ఆర్‌ఓ అమ్మేవాళ్లు ఇంటింటికీ టీడీఎస్ మీటర్ పట్టుకుని తిరిగిన పుణ్యాన, నీళ్ల మంచిచెడ్డలు ఆ ఒక్క అంకెతో తేలిపోతాయని అందరికీ నమ్మకం కుదిరింది. టీడీఎస్ కరిగిన లవణాలను కొలుస్తుంది. అర పీపీఎం క్లోరిన్ ఉన్నా లేకపోయినా ఆ అంకె కదలదు. కానీ డీపీడీ కూడా ‘లేదు’ అంది కదా అని నీళ్ల సంగతి అక్కడితో వదిలేశాను. ఏ రోజు నీళ్లు పరీక్షిస్తున్నానో అడగకపోవడం నా తప్పు.

మాటను విడదీయడం

అప్పుడు బీరును వదిలి ప్యానెల్ మీద పడ్డాం. ‘లవంగం’ అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తోందని అనుమానం. మూతపెట్టిన మూడు సీసాలు తయారుచేశాం.

మొదటి దాంట్లో రెండు లవంగాలు నలిపి 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వడకట్టిన నీటిలో 5 మిల్లీలీటర్లు ఏ వాసనా లేని 200 మిల్లీలీటర్ల లాగర్‌లో కలిపాం. రెండో దాంట్లో మాగిన అరటిపండు ముక్కలు. మూడో దాంట్లో దూదిమీద ఒక్క చుక్క డెట్టాల్. దాని ప్రధాన ద్రవ్యం క్లోరోజైలెనాల్, అదీ క్లోరోఫీనాల్ కుటుంబమే. ఇది వాసన చూడడానికి మాత్రమే. ఎర్ర టేపు చుట్టి, తాగే గ్లాసులున్న టేబుల్ మీదికి రాకుండా వేరే గదిలో పెట్టాం. తాగి నేర్చుకోవాలంటే ఆహారానికి పనికొచ్చే ఫ్లేవర్ స్టాండర్డ్ గుళికలు దొరుకుతాయి, కొలత ప్రకారం బీరులో కలుపుకోవచ్చు. ఖరీదు కాబట్టి ముందు దూదితో సరిపెట్టాం.

రెండింటి తేడా ఇలా తేలింది. లవంగం మొదటిసారి వాసన పీల్చగానే వస్తుంది. వెచ్చగా, కాస్త తియ్యగా, అరటిపండుతో కలిసే ఉంటుంది. మింగిన కొన్ని క్షణాలకు పోతుంది, నాలుక మీద చిన్న మసాలా చురుకు మిగులుతుంది. క్లోరోఫీనాల్ మొదటిసారి పీల్చినప్పుడు అంత తెలియదు. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదిలినప్పుడు వెనక నుంచి వస్తుంది. వచ్చింది వెంటనే పోదు, అర నిమిషమైనా ఉంటుంది, రెండో గుక్కకు ఇంకా గట్టిపడుతుంది. గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబెడితే లవంగం, అరటిపండు కలిసి పెరుగుతాయి. ఇది మాత్రం వాటిని దాటిపోతుంది.

అందుకే రుచి చూసే పద్ధతి మార్చాం. 120 మిల్లీలీటర్లు, 8 డిగ్రీల దగ్గర మొదలు. గ్లాసుకు మూత. ముందు రెండుసార్లు చిన్నగా వాసన పీల్చడం, తర్వాత ఒక గుక్క. తప్పనిసరిగా మింగాలి, వైన్‌వాళ్లలా ఉమ్మకూడదు. చేదు, వెనకవాసన మింగితేనే పూర్తిగా తెలుస్తాయి. నోరు మూసి ముక్కుతో వదలాలి. రాయాలి. పదిహేను నిమిషాలు గ్లాసును బల్ల మీద వదిలేసి, 14–15 డిగ్రీలకు వచ్చాక మళ్లీ అదంతా. ఈ రెండో విడతకు షీట్‌లో విడిగా గడి. ఒక సిట్టింగ్‌లో ఆరు గ్లాసులకు మించకూడదు. ముందు గంటలో చాయ్, సోంపు, మిర్చి బజ్జీ, సిగరెట్ ఏవీ వద్దు. అత్తరు పూసుకొచ్చినవాళ్లు ఆ పూట ప్యానెల్‌లో ఉండరు. నోరు శుభ్రం చేసుకోవడానికి మామూలు నీళ్లు, ఉప్పులేని బ్రెడ్. ఒకసారి ఎవరో ప్రేమగా ఉస్మానియా బిస్కెట్లు తెచ్చిపెట్టారు. ఉప్పు, తీపి, వెన్న మూడూ ఉన్న వస్తువుతో నాలుక శుభ్రపడదు, ఆ పూట టేస్టింగ్ ఆపేశాం.

ఎక్కడ తేడా ఉందో కనుక్కోవడం

ఇప్పుడు ప్రశ్న మార్కుల గురించి కాదు. రెండు నమూనాల మధ్య తేడా ఉందా లేదా? దానికి ట్రయాంగిల్ టెస్ట్ పెట్టాం. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే బీరు, ఒకటి వేరు. వేరేదేదో చెప్పాలి. ఊహతో చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి పన్నెండు మంది ఉంటే నలుగురు కాకతాళీయంగానే సరిగ్గా చెబుతారు. ఎనిమిది మంది సరిగ్గా చెబితేనే తేడా నిజమని నమ్మడం ఆనవాయితీ. ప్యానెల్ ఐదుగురికి ఫ్లోర్, కిచెన్ నుంచి ఏడుగురిని కలిపాం. పన్నెండు అనే అంకెకు ఇంకో సౌకర్యం ఉంది. గ్లాసులు పేర్చే ఆరు వరుసలూ సరిగ్గా రెండేసి సార్లు వస్తాయి, కాబట్టి వరుస వల్ల వచ్చే పక్షపాతం ఉండదు.

వీట్ బీరులో ఒక చిక్కు ఉంది. మడ్డి. ఒక గ్లాసు ఇంకో గ్లాసు కన్నా మసగ్గా ఉంటే ముక్కుతో పనిలేకుండా కంటితోనే చెప్పేస్తారు. నల్ల స్టీలు టంబ్లర్లు వాడాం. నురగ సమంగా ఉండడానికి ప్రతి నమూనాను ముందు జగ్గులోకి వంచి, రెండు నిమిషాలు ఆపి, అప్పుడు పంచాం. గ్లాసుల మీద మూడంకెల సంఖ్యలే తప్ప ఏ, బీ అన్న గుర్తులు లేవు. ఏ అని రాస్తే అది మంచిదనుకునేవాళ్లు ఎక్కువ.

మొదటి పరీక్ష: అదే ట్యాంకు బీరు, ఒకటి ట్యాంకు శాంపిల్ వాల్వ్ నుంచి, ఇంకొకటి ట్యాపు నుంచి. పన్నెండింట ఐదు సరి. రెండోది: అదే బీరు, ఒకటి బార్‌లో కడిగిన గ్లాసులోంచి, ఇంకొకటి ఆర్‌ఓ నీళ్లతో చేత్తో కడిగినదాంట్లోంచి టంబ్లర్‌లోకి వంచి. నలుగురు సరి. పన్నెండు మందితో తేడా కనబడకపోతే తేడా లేనేలేదని తేల్చలేం. కానీ గ్లాసులు వెనక్కి పంపేంత తేడా అయితే కనబడి తీరాలి. లైన్లు, గ్లాసులు పక్కకు తప్పుకున్నాయి.

మూడో పరీక్షకు ముందు ఒక పూటంతా కాగితాల మీద కూర్చున్నాం. ఫిర్యాదు స్లిప్పుల మీద తేదీ, టేబుల్ ఉన్నాయి, బ్యాచ్ నంబర్ లేదు. ట్యాంకులు మార్చిన రిజిస్టర్‌తో పోల్చి ప్రతి స్లిప్పు పక్కనా బ్యాచ్ రాసుకుంటూ పోయాం. ఒక పెద్ద కాగితం మీద బ్రూ చేసిన రోజు, మాల్ట్ లాట్, ఈస్ట్ ఎన్నో తరం, ట్యాంకు, ఫిర్యాదులు. మాల్ట్ లాట్ మారినా ఫిర్యాదు మారలేదు. ఈస్ట్ తరంతోనూ సంబంధం లేదు. బ్రూ రోజు దగ్గర ఆగాం. ఫిర్యాదులొచ్చిన బ్యాచ్‌లన్నీ మంగళవారానివి. శుక్రవారం బ్యాచ్‌లకు ఒక్కటీ లేదు. బీరు ట్యాపుకు రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది కాబట్టి ఫిర్యాదు తేదీలు ఎంత చూసినా ఇది కనబడదు.

మూడో పరీక్ష: మంగళవారం బ్యాచ్ ఒకటి, శుక్రవారం బ్యాచ్ ఒకటి, రెండూ ట్యాంకు నుంచే. పన్నెండింట పది సరి. తేడా ఏంటో రాయమంటే వచ్చిన మాటలు: డెట్టాల్, స్విమ్మింగ్ పూల్, కొత్త బ్యాండేజీ, పంటి డాక్టర్. ఈ చివరి మాట దగ్గర జాగ్రత్తపడాలి. పంటి డాక్టర్ దగ్గర వచ్చేది లవంగ నూనె వాసనే కావచ్చు. ఆ మాట రాసినతన్ని మూడు సీసాల దగ్గరికి తీసుకెళ్తే తడుముకోకుండా ఎర్ర టేపు సీసా చూపించాడు.

మంగళవారం ప్రత్యేకత ఏమిటి? బ్రూవరీలో ఏమీ లేదు. భవనంలో ఉంది. ఎండాకాలంలో ఆ వైపు చాలా భవనాలు ట్యాంకర్ల మీద నడుస్తాయి. ఈ సముదాయం నిర్వహణవాళ్లు మార్చి నుంచి ప్రతి సోమవారం రాత్రి సంప్‌లో బ్లీచింగ్ పౌడర్ వేస్తున్నారు. తప్పు కాదు, తాగే నీళ్ల ఆరోగ్యానికి చేయాల్సిన పనే. కాకపోతే కొలత లేదు, డబ్బాతో పోయడమే.

తర్వాతి మంగళవారం ఉదయం ఏడింటికి నాలుగు చోట్ల నీళ్లు పట్టాం. సంప్ నీళ్లలో డీపీడీ వేయగానే రెప్పపాటు గులాబీ రంగు వచ్చి మాయమైంది. తొందరలో ఉన్నవాళ్లు ‘క్లోరిన్ లేదు’ అని రాసుకునేది ఇక్కడే. క్లోరిన్ మరీ ఎక్కువుంటే అది డీపీడీ రంగునే చెరిపేస్తుంది. ఒక వంతు సంప్ నీళ్లకు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ చూస్తే 1.2 పీపీఎం, అంటే అసలు నీళ్లలో 12. తాగునీటిలో కనీసం 0.2 మిగిలి ఉండాలని, 1 దాటకూడదని బీఐఎస్ ప్రమాణం. కార్బన్ ఫిల్టర్ దాటాక 0.9. ఆర్‌ఓ దాటాక 0.6. వేడినీళ్ల ట్యాంకులో 0.3. టీడీఎస్ మాత్రం ఎప్పటిలాగే 28.

కార్బన్ మార్చి పద్నాలుగు నెలలైంది. మామూలు రోజుల్లో పైపులో వచ్చే కొద్దిపాటి క్లోరిన్‌ను అది ఇంకా ఆపగలుగుతోంది. సోమవారం రాత్రి మోతాదుకు చేతులెత్తేస్తోంది. ఆర్‌ఓ పొర లవణాలను ఆపుతుంది, క్లోరిన్‌ను పూర్తిగా ఆపలేదు, పైగా క్లోరిన్ వల్ల పొరే పాడవుతుంది.

“గంటసేపు మరిగిస్తాం కదా, క్లోరిన్ పోదా?” అని హెడ్ బ్రూవర్ అడిగిన ప్రశ్న మంచిది. క్లోరిన్ పోతుంది. కానీ మరిగే లోపే, మాష్‌లో మాల్ట్‌ను తాకిన క్షణంలోనే, అది ఫీనాల్‌ను పట్టుకుంటుంది. అలా పుట్టిన క్లోరోఫీనాల్‌ను వదిలించడం మరగబెట్టడం వల్ల అయ్యే పని కాదు.

పనిచేసింది

మంగళవారానికీ వాసనకూ పొంతన కుదిరింది, అంతే. కారణం అదేనని ఇంకా తేలలేదు. కొత్త కార్బన్, రెండో ఫిల్టర్ వెసెల్ కొనమనడానికి ముందు చిన్న పరీక్ష చేశాం. ఆ ఉదయం నీళ్లతోనే 20 లీటర్ల చొప్పున రెండు చిన్న బ్రూలు. మాల్ట్, హాప్స్ (చేదునిచ్చే పూలు), ఈస్ట్, వేడి అన్నీ ఒకటే. ఒకదాని నీళ్లలో మాత్రం పొటాషియం మెటాబైసల్ఫైట్ వేశాం. స్క్వాష్‌లు, జామ్‌లు చేసేవాళ్లు కేఎంఎస్ అని కొనుక్కునేది అదే. పన్నెండు రోజుల తర్వాత ట్రయాంగిల్ టెస్ట్‌లో తొమ్మిది సరి. సరిగ్గా చెప్పిన తొమ్మిది మందీ మందు వాసన కేఎంఎస్ వేయనిదాంట్లోనే ఉందన్నారు.

కేఎంఎస్ లెక్క ఇది. 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 1.6 మిల్లీగ్రాములు కావాలి. ఒక బ్రూకు 800 లీటర్ల నీళ్లు, 0.6 పీపీఎం అంటే 480 మిల్లీగ్రాముల క్లోరిన్. ముప్పావు గ్రాము చాలు, భద్రతకు 2 గ్రాములు వేశాం. కప్పు నీళ్లలో కరిగించి, ట్యాంకులో పోసి, బాగా కలిపి, ఐదు నిమిషాలాగి మళ్లీ డీపీడీ. రంగు రాకపోతేనే మాల్ట్. వంటగది త్రాసు 2 గ్రాములు సరిగ్గా తూచలేదు. నగల త్రాసు లాంటిది, గ్రాములో నూరో వంతు చూపించేది కావాలి. ‘చిటికెడు’ లెక్కతో వేస్తే అడుగున సల్ఫర్ వాసన మిగులుతుంది.

ఇది తాత్కాలికం. అసలు మరమ్మతు: పాత కార్బన్ తీసేసి కొత్తది, దాని వెనకే ఇంకో వెసెల్ వరుసగా, రెంటి మధ్య ఒక శాంపిల్ ట్యాపు. ఒక్కోదాంట్లో 50 లీటర్ల కార్బన్, గంటకు 1,000 లీటర్లకు మించని ధార, అంటే ఒక్కో వెసెల్‌లో నీళ్లు కార్బన్‌తో మూడు నిమిషాలుంటాయి. మధ్య ట్యాపులో గులాబీ కనబడితే మొదటి వెసెల్ కార్బన్ మార్చాలి, బ్రూ ఆపనక్కర్లేదు. రెండోది దాటాక గులాబీ కనబడితే ఆ రోజు మాష్ లేదు. పరీక్ష ప్రతి బ్రూ ఉదయం, ఆ రోజు నీళ్లతో. భవనం నిర్వహణవాళ్లు బ్లీచింగ్ వేసినప్పుడల్లా వాట్సాప్‌లో చెబుతామన్నారు. చెబుతున్నారు కూడా, కానీ దాని మీద ఆధారపడేలా ఏదీ కట్టలేదు.

అప్పటికే ట్యాంకుల్లో మంగళవారం బ్యాచ్‌లు రెండున్నాయి, సుమారు 900 లీటర్లు. మంచి బీరుతో కలిపి అమ్మేద్దామన్న ఆలోచన వచ్చింది. ఒకటికి మూడు వంతులు కలిపి చూశాం. పన్నెండింట ఎనిమిది మంది అప్పటికీ పట్టేశారు. ఇంత తక్కువ మోతాదులో తెలిసిపోయే పదార్థాన్ని పలచబరిస్తే పాడయ్యేది మంచి బీరే. రెండూ డ్రెయిన్‌కి పోయాయి. యజమానికి ఆ రోజు నేనంటే అంత ఇష్టం లేదు.

ఫెరూలిక్ రెస్ట్ తిరిగి పెట్టారు, పులిసే ఉష్ణోగ్రతను 19కి దించారు. లవంగం తన చోటికి తాను వచ్చింది. తర్వాతి రెండు నెలల్లో మందు వాసన అన్న స్లిప్పు రాలేదు.

నేర్చుకున్నవి, ఇంకా మిగిలినవి

50 మార్కుల షీట్ పోటీలకు, రెసిపీ సరిదిద్దుకోవడానికి మంచిదే. దోషం పట్టడానికి కాదు. 12 మార్కుల వాసనలో రెండు తగ్గితే మొత్తం 41 నుంచి 39 అవుతుంది, ఎవరూ ఉలిక్కిపడరు. ఇప్పుడు షీట్ పైన, మార్కులకు ముందు, ఒక ప్రశ్న చేర్చాం: “వెచ్చబడ్డాక ఈ గ్లాసు పూర్తిగా తాగుతారా?” ఇద్దరు ‘లేదు’ అంటే మార్కులతో పనిలేకుండా బ్యాచ్ ఆగుతుంది.

స్టైల్ తెలిసినవాళ్ల ప్యానెల్‌కు ఒక గుడ్డిచుక్క ఉంటుంది. లవంగం రావాలని తెలుసు కాబట్టి దానికి దగ్గరగా ఏది తగిలినా లవంగం కిందే జమ కడతారు. పుల్లటి బీర్లలో వెనిగర్‌ను, స్మోక్డ్ బీర్లలో ప్లాస్టిక్ వాసనను, డ్రై హాపింగ్ చేసిన (పులిసేటప్పుడో తర్వాతో హాప్స్ వేసిన) ఐపీఏ బీర్లలో వెన్న వాసనను ఇలాగే క్షమించేయడం చూస్తుంటాం. అందుకే ప్యానెల్‌లో ఇద్దరు స్టైల్ తెలియనివాళ్లను శాశ్వతంగా ఉంచాం. వాళ్ల గడిలో స్టైల్ పేరే ఉండదు, నంబర్ మాత్రమే.

కొన్ని శుక్రవారాలు బ్రూ చేసే హెల్లెస్ (లేత రంగు జర్మన్ లాగర్) సంగతి తర్వాత బయటపడింది. వేసవిలో ఒక వారం బ్రూ రోజులు తారుమారై హెల్లెస్ మంగళవారం పడింది. ఆ బ్యాచ్ నమూనా సీసా ఫ్రిజ్‌లో ఉంటే తీసి కొత్త పద్ధతిలో చూశాం. ఉంది. ఎర్ర టేపు సీసా వాసనే, పలచగా. అప్పట్లో ఆ బ్యాచ్‌కు ప్యానెల్ రాసింది “కొద్దిగా మసాలా, హాప్స్ వల్ల కావచ్చు”. ప్రతి బ్యాచ్ నుంచి ఆరు సీసాలు పక్కన పెట్టే అలవాటు లేకపోతే ఇది తెలిసేదే కాదు.

చివరిది కాస్త సున్నితమైన విషయం. మంగళవారం, శుక్రవారం బ్యాచ్‌ల పరీక్షలో తప్పిన ఇద్దరిలో ఒకరు హెడ్ బ్రూవర్, ప్యానెల్‌లో అందరికన్నా అనుభవమున్న మనిషి. ఒకసారి తప్పితే కాకతాళీయం అనుకోవచ్చు. చిన్న బ్రూల పరీక్షలోనూ తప్పారు, కలిపిన బీరు పరీక్షలోనూ తప్పారు. కొన్ని పదార్థాలకు కొందరి ముక్కు పలకదు. అనుభవానికీ దానికీ సంబంధం లేదు, వయసుకూ ఎప్పుడూ ఉండాలని లేదు. మార్చి నుంచి మే దాకా సందేహం వచ్చిన ప్రతిసారీ తీర్పు ఆయనదే, ఆయనకు నిజంగానే లవంగం తప్ప ఇంకేమీ తగల్లేదు. ఇప్పుడు ప్యానెల్‌లో ప్రతి ఒక్కరికీ ఏ వాసన తెలుస్తుంది, ఏది తెలియదు అన్న చిన్న పట్టిక గోడకు ఉంది. క్లోరోఫీనాల్ వరసలో ఆయన పేరు లేదు, కిచెన్ నుంచి వచ్చిన ఇద్దరి పేర్లున్నాయి. వెన్న వాసన, అంటే డయాసిటైల్ వరసలో మాత్రం మొదటి పేరు ఆయనదే. మిగతా పదకొండు మందికి తెలియని మోతాదులో ఆయన దాన్ని మూడుసార్లకు మూడుసార్లూ పట్టుకున్నారు.